చెట్ల నీడలో గడ్డి బతకని చోట ఏ అడవి పూలు పెంచవచ్చు?

పెరటిచెట్టు | ఉత్తర వర్జీనియా | 9 అక్టోబరు 2022

అందరికీ నమస్కారం. మా పెరట్లో మూడో వంతు పెద్ద ఓక్ చెట్ల కింద ఉంది. ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది. ప్రతి సెప్టెంబరులో గడ్డి విత్తనం చల్లడం, ఏప్రిల్‌లో కాస్త పచ్చబడితే సంబరపడడం, జులై వచ్చేసరికి నేల బోడిగా తేలడం, ఇదే వరస. ఈ ఏడు విత్తనం కొనలేదు.

మొన్న ఏప్రిల్ మధ్యలో పిల్లలను తీసుకుని సెంటర్‌విల్ దగ్గరి బుల్ రన్ పార్కుకు వెళ్ళాము. వాగు వెంట కనుచూపు మేర వర్జీనియా బ్లూబెల్స్. మొగ్గలు గులాబీ రంగు, విచ్చుకున్న పూలు నీలం, రెండూ ఒకే కాడకు వేలాడుతున్నాయి. మా చిన్నమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని చూసి, "అమ్మా, దీనికి రంగు వేయడం ఇంకా అవలేదు" అంది. ఆ రోజు నుంచి నా మనసు అక్కడే ఉంది.

ఆ పూలు మా ఓక్ చెట్ల కింద వస్తాయా? విత్తనం చల్లాలా, మొక్కలు కొనాలా? రోజూ సాయంత్రం జింకలు వస్తాయి, నేను పెట్టిన తోటకూర అంతా వాటికే పోయింది. మార్చిలో మా నాన్నగారు వస్తున్నారు. ఆయన పొలం మనిషి, ఇక్కడ నాలుగు గోడల మధ్య ఆయనకు తోచదు. ఆయన వచ్చేలోగా ఆ నేల మీద ఏదైనా మొదలుపెట్టాలని ఉంది.

---

తూనీగ | మిషిగన్ | 9 అక్టోబరు 2022

పెరటిచెట్టు గారూ, గడ్డి విత్తనం కొనకపోవడం మంచి పని. రెండో మంచి పని కూడా మీ చేతిలోనే ఉంది. రాలుతున్న ఓక్ ఆకులను ఊడ్చి సంచుల్లోకి ఎత్తకండి. ఆ ఆకుల పొరే ఈ మొక్కలకు ఎరువు, దుప్పటి, నీళ్ళ కుండ. మిణుగురుల పిల్లపురుగులు బతికేదీ అందులోనే. నేను ఆకులు ఊడ్వడం మానేసిన మూడో ఏడు మా పెరట్లో మిణుగురులు కనబడ్డాయి.

మీరు చూసిన పూల లెక్క ఇది. మంచు కరిగాక, పైన చెట్లు చిగిర్చి కమ్ముకునేలోపు, కొన్ని వారాల పాటు ఎండ నేరుగా నేలను తాకుతుంది. ఆ కొద్ది వారాల్లోనే ఇవి మొలిచి, పూసి, కాయ కాసి, ఏడాదికి సరిపడా తిండి దుంపలో దాచుకుని మళ్ళీ నేలలోకి వెళ్ళిపోతాయి. అందుకే మీ గడ్డి ఓడిపోయిన చోట ఇవి గెలుస్తాయి. బ్లూబెల్ జూన్ చివరికల్లా పసుపు రంగుకు తిరిగి వాలిపోతుంది, తరువాత ఆనవాలు కూడా ఉండదు. అది చచ్చిపోయిందనుకుని మొదటి ఏడు నేను అక్కడే పార దించి దుంపలను ముక్కలు చేశాను. ఇప్పుడు నాటిన ప్రతి చోటా ఒక పుల్ల గుచ్చుతాను.

మీకు నా సలహా: ఈ శరదృతువులోనే బ్లూబెల్ దుంపలు పాతిక తెప్పించి, తేమ నిలిచే పల్లపు చోట నాటండి. పక్కనే ఫెర్న్‌లు, ఫోమ్‌ఫ్లవర్ పెడితే బ్లూబెల్ వెళ్ళిపోయాక నేల ఖాళీగా ఉండదు. వాటితో పాటు పది బ్లడ్‌రూట్ దుంపలు. ఈ పువ్వు నాకు ప్రాణం, కాస్త చెప్పనివ్వండి.

మా దగ్గర ఏప్రిల్ మూడో వారంలో వస్తుంది. ముందు ఎండుటాకులను చీల్చుకుని చుట్టిన ఆకు ఒకటి లేస్తుంది, చలికి శాలువా కప్పుకున్నట్టు. ఆ ఆకు మడతలో మొగ్గ ఉంటుంది. ఎండ పడిన రోజు పొద్దున పదింటికి మొగ్గ ఆకును దాటి పైకి వచ్చి విచ్చుకుంటుంది. తెల్లని రేకలు, నడుమ పసుపు. సాయంత్రానికి మూసుకుంటుంది. రెండు మూడు రోజులు, అంతే. గాలివాన వస్తే ఒక్క పూటలో రేకలన్నీ రాలిపోతాయి. దుంప విరిస్తే కారే రసం పసుపులో సున్నం కలిపిన పారాణి రంగులో ఉంటుంది. ఈ నేల మూలవాసులు దానితో రంగులు అద్దుకునేవారు. కానీ ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలను ముట్టుకోనివ్వకండి. ఆ చేదు వల్లనే జింకలు కూడా దాని జోలికి పెద్దగా రావు.

---

నల్లరేగడి | పిట్స్‌బర్గ్ | 11 అక్టోబరు 2022

ఇదంతా కొనడం ఎందుకు? మా ఇంటి వెనక కొండ దిగితే పార్కు అడవి. మే నెలలో తెల్లని ట్రిలియం పూలు లెక్కపెట్టలేనన్ని. నాలుగు తవ్వి తెచ్చుకుంటే ఎవరికి నష్టం? మా ఊళ్ళో చెరువు గట్టు మీద కలువ దుంపలు తెచ్చుకుని తొట్టిలో వేసుకునేవాళ్ళం, ఎవరూ ఏమీ అనలేదు.

---

తూనీగ | మిషిగన్ | 11 అక్టోబరు 2022

నల్లరేగడి గారూ, పార్కులో తవ్వడం చట్టవిరుద్ధం, ఆ మాట అలా ఉంచండి. మీరు తవ్వబోయే మొక్క వయసు ఎంతో చూడండి.

ట్రిలియం కాయ వేసవి నడిమికి పగులుతుంది. గింజకు తెల్లని కొవ్వు ముద్ద ఒకటి అంటుకుని ఉంటుంది. చీమలు ఆ ముద్ద కోసం గింజను పుట్టలోకి లాక్కెళ్ళి, ముద్ద తిని, గింజను తమ చెత్తకుప్పలో పారేస్తాయి. అక్కడ అది మొదటి చలికాలం గడిపి వేరు మాత్రం పెడుతుంది. రెండో చలికాలం దాటితే గాని నేల పైకి ఒక్క ఆకు రాదు. ఆ తరువాత కొన్నేళ్ళు ఒక్క ఆకే. తరువాత మూడు ఆకులు. పువ్వు కనబడడానికి ఏడేళ్ళు, తరచు అంతకంటే ఎక్కువ. అది కూడా జింక నోట పడకపోతే. మీరు చూసిన గుంపులో కొన్ని మొక్కలకు మీకంటే ఎక్కువ వయసు ఉండవచ్చు.

పువ్వు కోసినా అంతే. కాడ మీద ఉన్న ఆ మూడు ఆకులే దానికి ఏడాది పొడవునా వంట చేసిపెట్టేవి. పువ్వుతో పాటు అవి కూడా తెగితే దుంప పస్తు ఉంటుంది.

కొనేవారికి కూడా ఒక హెచ్చరిక. "నర్సరీలో పెంచినది" అని చీటీ ఉంటే నమ్మకండి. అడవిలో తవ్వి తెచ్చి ఒక్క ఏడాది కుండీలో ఉంచినా ఆ మాట చెల్లుతుంది. "ఇది విత్తనం నుంచో, మీ సొంత దుంపల నుంచో మీరే పుట్టించినదా?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే వెనక్కి తిరగండి. ఏడేళ్ళు పెంచిన మొక్కను అయిదు డాలర్లకు ఎవరూ అమ్మలేరు.

---

నల్లరేగడి | పిట్స్‌బర్గ్ | 12 అక్టోబరు 2022

చీమల సంగతి నాకు తెలియదు. రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. తవ్వను. అయితే ఆ వాగు పక్కన, మా హద్దురాయికి ఇవతల, మా స్థలంలోనే ఒక చిన్న గుంపు ఉంది. ఏడెనిమిది కాడలు ఉంటాయి. వాటి గింజలు నేను తీసుకోవచ్చా?

---

తూనీగ | మిషిగన్ | 12 అక్టోబరు 2022

నిరభ్యంతరంగా. సగం గింజలు చీమలకు వదలండి. ఇప్పుడే క్యాలెండరులో జూన్ ఆఖరు వారం మీద గుర్తు పెట్టుకోండి, చీమలు మీ కంటే ముందే వస్తాయి.

---

మొక్కలమాస్టారు | ఫిలడెల్ఫియా దగ్గర | 14 అక్టోబరు 2022

గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి, ఇప్పుడు ఏడాదిలో సగం మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు ఈ అడవిలో ఒక్క మొక్క పేరు తెలియక బడిలో కొత్తగా చేరిన పిల్లవాడిలా తిరిగాను. తరువాత కుటుంబాలు పోల్చుకోవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఎక్కడ చూసినా చుట్టాలే.

ఇక్కడ జాక్ ఇన్ ది పల్పిట్ అనే మొక్క ఉంది. పడగలాంటి కప్పు కింద నిలబడిన కంకి. చూడగానే పోల్చుకున్నాను, అది మన కంద, చేమ కుటుంబం. దాని దుంపలోనూ అవే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు, అదే దురద. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకునే మనకు దీన్ని పచ్చిగా నోట పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు. దీనిలో ఇంకొక వింత ఉంది. దుంపలో నిల్వ తక్కువగా ఉన్న ఏడు ఇది మగపూలు పూస్తుంది, బాగా బలిసిన ఏడు ఆడపూలు పూసి ఎర్రని గుత్తి కాస్తుంది. కాసి అలిసిపోతే మరుసటి ఏడు మళ్ళీ మగది కావచ్చు.

పాపా చెట్టు మన సీతాఫలం కుటుంబం. ఓక్ చెట్ల నీడన గుంపుగా పెరిగే చిన్న చెట్టు. వసంతంలో ముదురు వంగపండు రంగు పూలు, సెప్టెంబరులో పండు. గుజ్జు తింటుంటే అరటిపండు, మామిడి, సీతాఫలం కలిపి పిసికినట్టు ఉంటుంది. లూయిస్, క్లార్క్‌ల దండు 1806లో తిరుగు ప్రయాణంలో తిండి తరిగినప్పుడు ఈ పండ్లతో కడుపు నింపుకుంది. చారల జీబ్రా స్వాలోటెయిల్ సీతాకోకచిలుక పిల్లపురుగులు ఈ కుటుంబపు ఆకులు తప్ప మరొకటి ముట్టవు. పెరటిచెట్టు గారూ, మీ నాన్నగారి కోసం రెండు పాపా మొక్కలు పెట్టండి. రెండూ వేరు వేరు గింజల నుంచి వచ్చినవి కావాలి, ఒకే మొక్క పిలకలైతే కాయ పట్టదు.

మేయాపిల్ కూడా మీ నీడకు సరిపోతుంది, జింకలు తినవు. గొడుగులా ఒక్క ఆకు ఉన్న కాడ పూయదు, రెండు ఆకులు చీలిన కాడకే ఆ చీలికలో ఒక్క పువ్వు. దీని దగ్గరి బంధువు హిమాలయాల్లో ఉంది. ఈ జాతి నుంచి తీసిన పదార్థమే ఎటోపోసైడ్ అనే కేన్సరు మందుకు మూలం. కానీ మొక్క విషం, ఆకు, వేరు ఏదీ నోట పెట్టరాదు.

---

అత్తిపత్తి | టొరంటో | 15 అక్టోబరు 2022

మాస్టారూ, నమస్కారం. చుట్టాల మాట చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. మా పక్కింటి ఆవిడ వైల్డ్ జింజర్ కుండీ ఒకటి ఇచ్చారు. గుండె ఆకారపు మెత్తని ఆకులు, వేరు నలిపితే అచ్చం అల్లం వాసన. చలికి టీలో వేసుకోవచ్చా?

---

మొక్కలమాస్టారు | ఫిలడెల్ఫియా దగ్గర | 15 అక్టోబరు 2022

వద్దమ్మా, అసలు వద్దు. వాసన ఒక్కటే అల్లానిది, కుటుంబం వేరు. అది మన ఈశ్వరి వేరు కుటుంబం. వీటిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, కేన్సరుకు కూడా దారి తీస్తుంది. పూర్వం వాడేవారని ఎక్కడైనా చదివినా వాడకండి.

చెట్టు కింద నేలను కప్పడానికి మాత్రం దానికి సాటి లేదు. మే నెలలో ఆకులు పక్కకు తొలగించి చూడండి, మట్టిని ఆనుకుని గోధుమ ఎరుపు రంగు పువ్వు, చిన్న మట్టి ముంతలా ఉంటుంది. దాని గింజలను మోసేదీ చీమలే.

---

చెరువుగట్టు | డాలస్ | 20 అక్టోబరు 2022

మాకు ఓక్ నీడ లేదు, రోజంతా ఎండ. మోనార్క్ సీతాకోకచిలుకల కోసం మిల్క్‌వీడ్ పెట్టాను. ఎరుపు, పసుపు కలిసిన పూలు చాలా బాగున్నాయి. కానీ ఇప్పుడు పురుగు పట్టింది. కాడ నిండా పసుపు రంగు పేను, ఆకుల మీద చారల పురుగులు. వేపనూనె కొట్టాలా?

---

మొక్కలమాస్టారు | ఫిలడెల్ఫియా దగ్గర | 20 అక్టోబరు 2022

చారలు నలుపు, తెలుపు, పసుపు అయితే ఏ నూనే కొట్టకండి! మీరు ఎదురుచూస్తున్న మోనార్క్ అదే.

మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు దగ్గరి చుట్టం. ఆకు తుంచితే అదే పాలు, కాయ పగిలితే అదే పట్టు దూది. రథసప్తమి నాడు మనం తల మీద పెట్టుకునే జిల్లేడు ఆకును మీ ఊళ్ళో ఎప్పుడైనా తిప్పి చూసి ఉంటే, ఇలాంటి చారల పురుగే కనబడి ఉంటుంది. అది మోనార్క్‌కు తోబుట్టువు లాంటిది, ఇద్దరిదీ డనాస్ ప్రజాతి. మన ఊరి పురుగు వీపు మీద మూడు జతల నల్లని మీసాలు ఉంటాయి, మోనార్క్‌కు రెండు జతలు. మీ ఆకు మీది దాన్ని లెక్కపెట్టి చూడండి. ఆ పసుపు పేను కూడా మనకు కొత్తది కాదు, గన్నేరుకు, జిల్లేడుకు పట్టేది అదే. నీళ్ళ గొట్టంతో కొట్టండి, చాలు. కొట్టే ముందు పురుగులు, గుడ్లు లేని కాడలు చూసుకోండి.

---

తూనీగ | మిషిగన్ | 20 అక్టోబరు 2022

మాస్టారి మాటకు ఒకటి చేర్చాలి. చెరువుగట్టు గారూ, ఎరుపు, పసుపు కలిసిన పూలంటే మీది ఉష్ణమండలపు మిల్క్‌వీడ్ కావచ్చు, అది టెక్సాస్ మొక్క కాదు. మీ దగ్గర చలి తక్కువైన ఏడు అది చావకుండా పచ్చగా నిలుస్తుంది. ఆకు మీద ఓఈ అనే పరాన్నజీవి పోగుపడి, తిన్న ప్రతి పురుగుకూ అంటుకుంటుంది. రెక్కలు ముడుచుకుపోయిన సీతాకోకచిలుకలు పుడతాయి. పైగా చలికాలం గడపడానికి మెక్సికోలోని మిచోకాన్ కొండలకు వెళ్ళవలసినవి దారిలో ఆగిపోతాయి. ఇప్పుడున్న పురుగులు గూడు కట్టుకున్నాక మొక్కను నేల దాకా నరికేయండి. దాని బదులు మీ నేల సొంత జాతులు యాంటెలోప్ హార్న్స్, గ్రీన్ మిల్క్‌వీడ్ పెట్టండి.

మీది ఎండ నేల కదా, బ్లూబానెట్ విత్తనం కూడా ఈ నెలలోనే చల్లండి. ఆ పూల మధ్య పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీసుకోవడానికి ఏప్రిల్‌లో మీ వాళ్ళందరూ ఎన్నిస్ దాకా వెళ్తారు. విత్తనం గుర్తొచ్చేదీ అప్పుడే, కానీ అప్పటికి ఆరు నెలలు ఆలస్యం. చలికాలమంతా అది నేలకు అతుక్కున్న చిన్న ఆకుల చుట్టుగా ఉండి వేరు పెంచుకుంటుంది. ఆస్టిన్‌లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ జాన్సన్ పేరిట ఉన్న అడవి పూల కేంద్రానికి ఒకసారి వెళ్ళి రండి. ఆవిడ, నటి హెలెన్ హేస్ కలిసి 1982లో మొదలుపెట్టినది.

---

మంచుకాలం | మిన్నెసోటా | 3 నవంబరు 2022

పెరటిచెట్టు గారు నాకు వ్యక్తిగత సందేశంలో, నేల గుల్లబారడానికి వానపాములు కొని వేయవచ్చా అని అడిగారు. జవాబు అందరికీ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

వానపాము రైతు నేస్తమని చదువుకుని వచ్చిన నాకు ఇది మింగుడు పడడానికి చాలా కాలం పట్టింది. మా మిన్నెసోటా మంచు పలకల కింద ఉండిన నేల. సుమారు 10,000 ఏళ్ళ క్రితం మంచు తొలగాక ఇక్కడి అడవులు వానపాము లేకుండానే పెరిగాయి. ఆకులు బూజు తిని, నెమ్మదిగా కుళ్ళి, మెత్తటి పరుపులా పేరుకుంటాయి. ట్రిలియం, బ్లడ్‌రూట్ వేళ్ళూనేది ఆ పరుపులో. ఐరోపా నుంచి మట్టితో, మొక్కలతో, తరువాత చేపల ఎరగా వచ్చిన వానపాములు ఆ పరుపును కొన్నేళ్ళలో తినేస్తాయి. అవి చేరిన మేపుల్ అడవి నేను చూశాను. చెట్లు నిలబడే ఉన్నాయి, కింద నల్లని ఉత్త మట్టి, ఒక్క పువ్వు లేదు.

మీ వర్జీనియా దాకా ఆ మంచు రాలేదు, మీకు సొంత వానపాములు ఉన్నాయి. అయినా కొని వేయకండి. ఆసియా నుంచి వచ్చిన ఎగిరిపడే జాతి ఒకటి మీ వైపు కూడా వ్యాపిస్తోంది. అది చేరిన మట్టి కాఫీ పొడి గింజల్లా రాలుతుంది. ఎవరైనా మొక్క ఇస్తే మట్టి కడిగి, వేళ్ళు చూసుకుని నాటండి.

ఇటు ఎవరైనా వస్తే మినియాపొలిస్‌లో ఎలోయిస్ బట్లర్ అడవి పూల తోట చూడకుండా వెళ్ళకండి. 1907 నుంచి ఉంది, ఈ దేశంలో ప్రజల కోసం పెట్టిన అడవి పూల తోటల్లో అన్నింటికంటే పాతది. జూన్‌లో మా రాష్ట్ర పుష్పం షోయీ లేడీస్ స్లిప్పర్ పూస్తుంది, గులాబీ రంగు చెప్పులాంటి పువ్వు. 1925 నుంచి దాన్ని కోయడం, తవ్వడం నేరం.

---

గోరింట | న్యూజెర్సీ | 6 జనవరి 2023

చలికాలంలో పని లేదనుకోకండి, విత్తనాల పని ఇప్పుడే. వీటిలో చాలా విత్తనాలు చలి తగలనిదే మొలవవు. నేను పాల డబ్బాల్లో వేస్తాను. పెరుగు తోడు పెట్టే ఇళ్ళలో గాలన్ పాల డబ్బాలకు కరువు లేదు కదా.

డబ్బా అడుగున కాలిన మేకుతో ఏడెనిమిది చిల్లులు పెట్టండి. పిడి కింద చుట్టూ కోసి, ఒక పక్క మాత్రం అతుకు వదిలితే మూతలా తెరుచుకుంటుంది. నాలుగు అంగుళాల తడి మట్టి, పైన విత్తనాలు. కార్డినల్ పువ్వు విత్తనం ఇంగువ పొడి అంత సన్నం, దాని మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. కొలంబైన్ కూడా అంతే. మిల్క్‌వీడ్‌కు పావు అంగుళం మట్టి కప్పండి. కోసిన చోట టేపు చుట్టి, పైన బిరడా తీసేసి, బయట మంచులో వదిలేయండి. మంచు కురిసినా, గడ్డకట్టినా, కరిగినా దానికి మంచిదే.

పేరు డబ్బా పైన కాకుండా లోపల పుల్ల మీద పెన్సిల్‌తో రాయండి. పైన సిరాతో రాస్తే ఎండకు చెరిగిపోతుంది. మా డబ్బాల మూతలు మార్చి నెలాఖరున లోపలి ఆవిరితో మసకబారతాయి. ఒక రోజు పొద్దున చూస్తే ఆ మసకలోంచి పచ్చదనం కనబడుతుంది. అందుకోసమే రోజూ చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి చూసి వస్తాను.

ఒక్క మాట. ట్రిలియం, బ్లడ్‌రూట్ విత్తనాలు ఈ పద్ధతికి లొంగవు. అవి ఎండితే పాడవుతాయి, కాయ పగిలిన వెంటనే నేలలో వేయాలి.

---

పెరటిచెట్టు | ఉత్తర వర్జీనియా | 16 ఏప్రిల్ 2023

నవంబరులో నాటిన 25 బ్లూబెల్ దుంపల్లో 19 లేచాయి. ఆరింటికి పూలు వచ్చాయి! మొదట మొలక ముదురు వంకాయ రంగులో ఉంది, అది బ్లూబెల్ అని పోల్చుకోలేక దాదాపు పీకేయబోయాను. నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. "పుల్ల గుచ్చింది నువ్వే కదమ్మా" అన్నారు.

బ్లడ్‌రూట్ మార్చి 29న విచ్చుకుంది. నేను ఆఫీసు పనిలో ఉన్నాను, ఆయన ఒక్కరే చూశారు. నేను వెళ్ళేసరికి ఎండుటాకుల మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. తేనెటీగ ఒకటి వచ్చి వెళ్ళిందని, చాలా చిన్నదని, నల్లగా ఉందని చెప్పారు. మరునాడు వాన పడింది. రేకలన్నీ రాలాయి. ఆయన వాటిని ఏరి తెచ్చి దేవుడి దగ్గర పెట్టారు.

పాపా మొక్కలు రెండూ పెట్టాము. మాస్టారు చెప్పారని చెప్పగానే నాన్న ఆ గొయ్యి తానే తవ్వుతానన్నారు. ఇద్దరం కలిసి తవ్వాము.

---

నల్లరేగడి | పిట్స్‌బర్గ్ | 17 ఏప్రిల్ 2023

చాలా సంతోషం. ఒక మాట మనసులో ఉంది, అడిగేస్తాను. మన ఊరి మొక్కలు ఇక్కడ పెట్టుకోవడం తప్పన్నట్టు ఉంది ఈ చర్చ. మా ఆవిడ మల్లె కుండీని చలికాలం అంతా వంటింట్లో పెట్టి కాపాడుకుంటుంది. గోంగూర లేనిదే మాకు వేసవి లేదు.

---

తూనీగ | మిషిగన్ | 17 ఏప్రిల్ 2023

తప్పని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. మా ఇంట్లో మల్లె ఉంది, కరివేపాకు ఉంది. అవి అడవిలోకి పారిపోయి అక్కడి మొక్కలను తొక్కేసేవి కావు. పోరు గార్లిక్ మస్టర్డ్, ఇంగ్లిష్ ఐవీ లాంటి వాటితో. మీ కొండ వాలున గార్లిక్ మస్టర్డ్ ఉంటే, పూత ముదరక ముందే, ఈ నెలలోనే వేరుతో పీకండి. నలిపితే వెల్లుల్లి వాసన వస్తుంది.

డెలావేర్ విశ్వవిద్యాలయంలో డగ్ టాలమీ అనే కీటక శాస్త్రవేత్త ఒక లెక్క చెబుతారు. గుప్పెడంత చికడీ పిట్ట ఒక్క కాపు పిల్లలను ఎగిరేదాకా పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలి. ఆ పురుగుల్లో చాలావాటికి తరతరాలుగా అలవాటైన ఇక్కడి ఆకే కావాలి. మల్లె కుండీ మీకు. ఓక్ కింద ఆ నాలుగు గజాలు పిట్టకు. రెండూ ఒకే పెరట్లో ఇముడుతాయి.

---

పెరటిచెట్టు | ఉత్తర వర్జీనియా | 2 జూన్ 2023

ఒక ఇబ్బంది. మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పెరట్లో ఆకులు తీయలేదని, "కలుపు" పెరుగుతోందని, 30 రోజుల్లో శుభ్రం చేయాలని. చదువుతుంటే ఏడుపొచ్చింది.

---

గోరింట | న్యూజెర్సీ | 2 జూన్ 2023

ముందుగా, భయపడకండి. మేరీలాండ్‌లో ఇలాంటి తగాదా ఒకటి కోర్టు దాకా వెళ్ళి, చివరికి 2021లో చట్టమే వచ్చింది. పచ్చికే ఉండాలని అక్కడి సంఘాలు పట్టుబట్టలేవు. మీది వర్జీనియా కనుక ఆ చట్టం మీకు వర్తించదు, మీ సంఘం నియమావళి తెప్పించి చదవండి.

నేను చేసినది చెబుతాను. అంచున వరుసగా రాళ్ళు పేర్చాను. నడుమ అడుగు వెడల్పు బాట తీసి చెక్క పొట్టు పోశాను. మొక్కల పేర్లు రాసిన చిన్న పలకలు పెట్టాను. ఒక్క మొక్క కూడా మార్చలేదు. తోట అని కంటికి తెలిసింది, మళ్ళీ ఉత్తరం రాలేదు. సంఘం సమావేశానికి బ్లూబెల్ పూసినప్పటి ఫొటోలు తీసుకుని వెళ్ళండి.

---

పెరటిచెట్టు | ఉత్తర వర్జీనియా | 24 జూన్ 2023

రాళ్ళు, బాట నాన్న పని. పలకలు పిల్లల పని. ఇంగ్లిషులో ఒక వైపు, తెలుగులో ఒక వైపు రాశారు. సమావేశంలో ఫొటోలు చూపించాను. ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. ఒక పెద్దావిడ తన ఇంటి దగ్గర కూడా గడ్డి బతకడం లేదని చెప్పి, దుంపలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

---

నల్లరేగడి | పిట్స్‌బర్గ్ | 3 జులై 2023

ట్రిలియం కాయలు పగిలాయి. పొద్దున ఏడింటికి వెళ్ళేసరికే చీమలు వచ్చేశాయి. బోర్లా పడుకుని గంటసేపు చూశాను. ఒక చీమ తన కంటే పెద్ద గింజను తెల్ల ముద్ద దగ్గర కరిచి పట్టుకుని, ఎండుటాకు అంచు ఎక్కలేక మూడుసార్లు పడింది. నాలుగోసారి ఆకు కిందుగా వెళ్ళిపోయింది.

సగం వాటికి వదిలాను. నా వాటా 43 గింజలు. ఓక్ కింద ఆకులు పక్కకు తీసి, అర అంగుళం లోతున వేసి, మళ్ళీ కప్పాను. నాలుగు మూలలా పుల్లలు గుచ్చాను.

---

నల్లరేగడి | పిట్స్‌బర్గ్ | 26 ఏప్రిల్ 2025

ఈ చర్చ ఇంకా ఎవరైనా చూస్తున్నారో లేదో. నిరుడు ఏమీ రాలేదు, తూనీగ గారు ముందే చెప్పారు కనుక నేలను కదపలేదు. ఈ రోజు పొద్దున పుల్లల మధ్య 11 ఆకులు. ఒక్కొక్కటీ చింతాకు కంటే కాస్త పెద్దవి, సన్నగా, నిటారుగా. మొదట గడ్డి అనుకున్నాను. మా ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి లెక్కపెట్టింది, ఆమెకూ 11 వచ్చాయి.

జింకల కోసం పైన తీగ వల కప్పి రాళ్ళు పెట్టాను. వల ఎప్పుడు తీయాలి?

---

తూనీగ | మిషిగన్ | 26 ఏప్రిల్ 2025

చూస్తున్నాను. వల ఇప్పుడే తీయకండి, ఇంకో అయిదేళ్ళు ఉంచండి. ఏటా మార్చిలో ఒకసారి ఎత్తి, పైన పడిన కొమ్మలు తీసేసి, మళ్ళీ కప్పండి. ఆకులు మాత్రం అలాగే ఉండనివ్వండి.